110వ (హైదరాబాద్) బాంబర్ స్క్వాడ్రన్: కానుక, సిబ్బంది, శిస్తు

బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ తరఫున రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ పోరాడిన బాంబర్ దళం 110వ (హైదరాబాద్) స్క్వాడ్రన్. 1917 నవంబర్ 1న ఇంగ్లండ్‌లోని రెండ్‌కోంబ్‌లో ఏర్పడింది. 1918లో జర్మనీ పట్టణాల మీద, 1939లో జర్మన్ యుద్ధనౌకల మీద, 1943 నుంచి 1945 దాకా బర్మాలో జపాన్ సేనల మీద బాంబులు వేసింది. తొలి విమానాలను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా ఇచ్చాడు కాబట్టి దాని పేరులో హైదరాబాద్ చేరింది. ఈ దళం చరిత్రను మామూలుగా రెండు పాయలుగా చెబుతారు. హైదరాబాద్‌వాళ్లు చెప్పేటప్పుడు అది నిజాం ఔదార్యం. ఇంగ్లండువాళ్లు చెప్పేటప్పుడు పైలట్ల సాహసం. రెండింటిలోనూ నిజం ఉంది, కానీ రెండింటిలోనూ కనపడని పద్దు ఒకటుంది. హైదరాబాద్ రాజ్యపు ఖజానాలో సొమ్ము ఎక్కువగా భూమి శిస్తు నుంచి వచ్చేది. నిజామాబాద్‌కూ బోధన్‌కూ నడుమ ఉన్న ఎడపల్లి లాంటి ఊళ్లలో మాలీ పటేల్ వసూలు చేసి, పట్వారీ లెక్క రాసి, తాలూకా కచేరీకి పంపిన డబ్బే రాజ్యానికి ఆధారం. విమానం మీది పేరు, విమానంలో కూర్చున్న ప్రాణాలు, విమానం వెనక ఉన్న శ్రమ అనే మూడింటినీ ఒకేచోట రాస్తేనే ఈ దళం చరిత్ర పూర్తవుతుందన్నది ఈ వ్యాసం వాదన.

బరువైన బాంబరు, పగటి బాంబరు

ముందుగా ఒక తేడా స్పష్టం చేసుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాదిలో జర్మనీ లోపలి పట్టణాల మీద దాడులు చేయడానికి 1918 జూన్ 6న బ్రిటన్ 'ఇండిపెండెంట్ ఫోర్స్' అనే ప్రత్యేక వైమానిక సేనను ఏర్పాటు చేసింది. దాని అధిపతి హ్యూ ట్రెంచర్డ్. ఫ్రాన్స్‌లో నాన్సీ పట్టణం పరిసరాలు దాని స్థావరాలు. అందులో రెండు రకాల దళాలు ఉండేవి. హ్యాండ్లీ పేజ్ ఓ/400 అనే రెండు ఇంజన్ల పెద్ద విమానాలు చీకటి పడ్డాక వెళ్లేవి. బరువైన బాంబర్లంటే ఆనాటికి అవే. డి హావిలాండ్ విమానాలు నడిపే దళాలు పట్టపగలే వెళ్లేవి. 110వ స్క్వాడ్రన్ ఈ రెండో జాతికి చెందింది. అది వాడిన డీహెచ్9ఏ ఇద్దరు మాత్రమే కూర్చునే, ఒకే ఇంజను గల రెండు అంతస్తుల రెక్కల విమానం. కాబట్టి తూకం లెక్కన దీన్ని బరువైన బాంబరు దళం అనలేం. కానీ చేసిన పని లెక్కన చూస్తే, సరిహద్దు దాటి శత్రుదేశం నడిబొడ్డున ఉన్న ఫ్యాక్టరీలను, రైలు స్టేషన్లను కొట్టడమన్న బరువైన బాంబర్ల పనే దీనికి పగటిపూట అప్పజెప్పారు. చీకటి చాటు లేదు కనుక పగటి దళాలకు ప్రమాదం మరింత ఎక్కువ. మరో ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, యుద్ధం తర్వాత 1925లో రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరిన ఒక బరువైన రాత్రి బాంబరుకు 'హ్యాండ్లీ పేజ్ హైదరాబాద్' అనే పేరే పెట్టారు. సామ్రాజ్యంలో సముద్రతీరానికి దూరంగా ఉన్న నగరాల పేర్లు బాంబర్లకు పెట్టడం అప్పటి ఆనవాయితీ. అదే పేరుతో సింధు రాష్ట్రంలోనూ ఒక నగరం ఉంది కనుక ఈ విమానాన్ని తొందరపడి మన ఖాతాలో వేసుకోకూడదు. 110వ దళం విషయంలో మాత్రం ఆ సందిగ్ధం లేదు. కానుక ఇచ్చిన రాజు పేరు విమానాల మీదే రాసి ఉండేది.

కానుక, ఖజానా

1914లో యుద్ధం మొదలైనప్పుడు నిజాం బ్రిటన్‌కు చేసిన సాయం అనేక రూపాల్లో ఉంది. హైదరాబాద్ లాన్సర్స్ అనే అశ్వదళాన్ని ఈజిప్టు, పాలస్తీనాలకు పంపి, దాని ఖర్చుల కింద 60 లక్షల రూపాయలు ఇచ్చాడు. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి ఆ హైదరాబాద్ దళానికి గుర్తు. ఆ వరసలోనే విమాన దళం కానుక వచ్చింది. డీహెచ్9ఏ విమానం అప్పటికి సరికొత్తది, 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజనుతో తయారైంది. ఆ రకం విమానాలతో యుద్ధంలో దిగిన మొట్టమొదటి స్క్వాడ్రన్ 110వదే. హైదరాబాద్ నిజాం కానుక అని, ఆ కింద 'హైదరాబాద్' అన్న పేరుతో వరస నంబరు విమానాల మీద రాశారు. 1918లోనే బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదును, 'బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వసనీయ మిత్రుడు' అన్న బిరుదును ఇచ్చింది. ఈ రెండో బిరుదును గుర్తుపెట్టుకోవాలి, మరో యుద్ధంలో అది మరో విమాన దళం ముద్ర మీద మళ్లీ కనిపిస్తుంది.

ఈ కానుక ఎవరి సొమ్ముతో ఇచ్చిందో తేల్చుకోవాలంటే ఆనాటి నిజామాబాద్ ప్రాంతం ఎలా ఉండేదో చూడాలి. ఇవాళ బోధన్ అనగానే కాలువ నీరు, వరి మడులు, చెరుకు తోటలు గుర్తొస్తాయి. 1918లో పరిస్థితి అది కాదు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం మొదలైంది 1923లో, పూర్తయింది 1931లో. అంతకు ముందు ఎడపల్లి, జానకంపేట, బోధన్ రైతులకు చెరువు, బావి, వానలే దిక్కు. చెరువు కింద కొంత వరి, మిగిలిన మెట్టలో జొన్న. ఆ 1918లోనే నైరుతి రుతుపవనాలు దేశమంతటా దారుణంగా విఫలమయ్యాయి, దక్కన్ మీద ఆ దెబ్బ గట్టిగా పడింది. సరిగ్గా ఆ కరువు మీదే ఇన్‌ఫ్లూయెంజా వచ్చిపడింది. 1918 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ లోపు భారతదేశంలో కోటికి పైగా మంది చనిపోయారు. యుద్ధం తెచ్చిన ధరల పెరుగుదల సరేసరి. ఇదంతా ఏదో నేపథ్య వర్ణన కోసం చెప్పడం లేదు. హైదరాబాద్ పేరు రాసుకున్న విమానాలు రైన్ నది మీదుగా ఎగిరిన రెండు నెలలూ, హైదరాబాద్ రాజ్యపు పల్లెల్లో కరువూ జ్వరమూ కలిసి తిరిగిన రెండు నెలలూ ఒక్కటే. ఒకే క్యాలెండర్‌లో ఉన్న ఈ రెండు సంగతులను ఒకే పేజీలో రాయకపోవడం వల్లే కానుక అన్న మాట అంత తేలిగ్గా వినిపిస్తుంది.

1918: రైన్ లోయ మీద

దళం 1918 సెప్టెంబర్ 1న ఫ్రాన్స్‌లోని బెట్టోన్‌కూర్ చేరింది. సెప్టెంబర్ 14న బూలే విమానాశ్రయం మీద మొదటి దాడి చేసింది. దాడికి వెళ్లే పద్ధతి ఇలా ఉండేది: ఆరేసి విమానాలు రెండు గుంపులుగా, ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా ఎగిరేవి. ముందు సీట్లో పైలట్, అతని ఎదుట ముందుకు కాల్చే మెషిన్‌గన్. వెనక సీట్లో అబ్జర్వర్, అతని చుట్టూ గుండ్రంగా తిరిగే చట్రానికి బిగించిన లూయిస్ గన్. కాక్‌పిట్‌కు పైకప్పు లేదు. మూడు మైళ్ల ఎత్తున, గడ్డకట్టే చలిలో, గంటల తరబడి అలాగే కూర్చోవాలి. బ్రిటిష్ సిబ్బందికి ఆ యుద్ధంలో పారాచూట్లు ఇవ్వలేదు. విమానానికి మంట అంటుకుంటే దూకడానికి దారి లేదు. గుంపు విడిపోయిన విమానానికి ఆయుష్షు తీరినట్టే. అందుకే పొగమంచు, మేఘాలు, మొరాయించే ఇంజను అన్నవి శత్రువు తుపాకీ కంటే తక్కువ శత్రువులేమీ కావు.

అంకెలు చూస్తే ఆ మాట నిజమని తేలుతుంది. సెప్టెంబర్ 25న ఫ్రాంక్‌ఫర్ట్ దాడిలో నాలుగు విమానాలు పోయాయి. అక్టోబర్ 5న మరో నాలుగు. అక్టోబర్ 21న ఏకంగా ఏడు తిరిగి రాలేదు, దళ నాయకుడు మేజర్ రేనాల్డ్స్ కూడా ఆ రోజు జర్మన్లకు బందీగా చిక్కాడు. నవంబర్ 11న యుద్ధం ఆగేసరికి శత్రు భూభాగం మీద పోయిన విమానాలు 17, ప్రమాదాల్లో నాశనమైనవి 28. మొత్తం 45. వాటికి బదులుగా దళం వేసిన బాంబుల బరువు పదిన్నర టన్నులు. జూన్ నుంచి యుద్ధం ముగిసేదాకా ఇండిపెండెంట్ ఫోర్స్ మొత్తం మీద వేసిన బాంబులు సుమారు 550 టన్నులు, అందులో అత్యధిక భాగం రాత్రి వెళ్లిన బరువైన బాంబర్లది. పగటి దళాల ప్రయోజనం ఏమిటన్న ప్రశ్నకు ట్రెంచర్డ్ జవాబు మానసిక ప్రభావం. శత్రువు మనోబలం కుంగుతుందనీ, అతడు తన యుద్ధ విమానాలనూ ఫిరంగులనూ సరిహద్దు నుంచి లోపలికి లాక్కోవాల్సి వస్తుందనీ ఆయన నమ్మకం. ఆ వాదనలో కొంత బలం ఉంది. అయితే ఆ ప్రభావాన్ని తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. పోయిన విమానాల లెక్క, ప్రాణాల లెక్క మాత్రం ఉన్నాయి. ఆ యుద్ధంలో మిత్రరాజ్యాల విమాన దాడుల్లో జర్మనీలో ఏడు వందలకు పైగా మంది చనిపోయారు. రైలు స్టేషన్‌కు గురిపెట్టిన బాంబు పక్క వీధిలో పడటం ఆనాటి పరికరాలతో మామూలే. అందుచేత ఈ దళం చరిత్రలో బాంబు వేసినవాడి ధైర్యం ఎంత నిజమో, కింద ఉన్నవాడి భయమూ అంతే నిజం.

మిగిలిన ఒక విమానం

అక్టోబర్ 5న పోయిన విమానాల్లో ఒకదాని సంఖ్య ఎఫ్1010. దాని మీద 'హైదరాబాద్ నం. 12ఏ' అని రాసి ఉంది. కెప్టెన్ ఆండ్రూ ఇంగ్లిస్ దాని పైలట్, సెకండ్ లెఫ్టినెంట్ బోడ్లీ అబ్జర్వర్. విమానం శత్రు భూమి మీద దిగిపోయింది, ఇద్దరూ ప్రాణాలతో బందీలయ్యారు. పెద్దగా దెబ్బతినకుండా దొరికిన ఆ విమానాన్ని జర్మన్లు దాచారు. బెర్లిన్‌లోని విమాన ప్రదర్శనశాలలో అది యుద్ధ సొత్తుగా నిలబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అక్కడి విమానాలను తూర్పుకు తరలించారు. అలా ఇది పోలండ్ చేరి, క్రాకోలోని మ్యూజియంలో చాలా ఏళ్లు ఉండిపోయింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండ్‌కు ఇచ్చి బ్రిటన్ దీన్ని వెనక్కి తెచ్చుకుంది. మరమ్మతుల తర్వాత లండన్‌లో హెండన్ దగ్గరున్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. ఒక సాక్ష్యంగా ఈ విమానం విలువ చాలా పెద్దది. మామూలుగా రాజుల కానుకలు దస్తావేజుల్లో అంకెలుగా మిగులుతాయి. ఇది మాత్రం కర్ర, బట్ట, ఇనుముగా, పేరు రాసిన అక్షరాలతో సహా మిగిలింది. దాన్ని చూడటానికి వచ్చేవాళ్లు నిజాం పేరు చదువుతారు, ఇద్దరు సిబ్బంది పేర్లు తెలుసుకుంటారు. మూడో పద్దు మాత్రం ఆ అక్షరాల్లో లేదు.

పద్దెనిమిదేళ్ల విరామం

1919 ఆగస్టు 27న దళాన్ని రద్దు చేశారు. 1937 మే 18న వాడింగ్టన్‌లో మళ్లీ ఏర్పాటు చేశారు. ఈ పద్దెనిమిదేళ్లలో విమానాలు ఎంత మారాయో నిజామాబాద్ కూడా అంత మారింది. ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో నిజాంసాగర్ పూర్తయి, కాలువలు బోధన్ దాకా పారాయి. ఎడపల్లి దగ్గర అలీసాగర్ జలాశయం కట్టారు. మెట్ట జొన్న ఉన్న చోట వరి, ఆ పక్కన చెరుకు వచ్చాయి. దళం మళ్లీ ప్రాణం పోసుకున్న 1937లోనే బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. ఈ మార్పును కాదనలేం, కాదనకూడదు కూడా. ఈ ప్రాంతం రైతు శిస్తు కట్టి ఊరికే నష్టపోలేదు, తిరిగి నీళ్లు పొందాడు. అయితే అదే సంగతి మన వాదనకు ఇంకో వైపు నుంచి బలం ఇస్తుంది. ఖజానాలో డబ్బు ఉన్నప్పుడు అది కాలువగా మారవచ్చు, విమానంగానూ మారవచ్చు. ఏది కావాలో ఎంచే హక్కు శిస్తు కట్టినవాడికి 1918లో లేదు, 1937లోనూ లేదు. కాలువ వచ్చిందంటే అది పాలకుడి దూరదృష్టి అని రాశారు, విమానం వెళ్లిందంటే అది పాలకుడి ఔదార్యం అని రాశారు. రెండు చోట్లా కర్త ఒక్కడే, ఖర్చు భరించినవాడు మాత్రం ఎక్కడా లేడు.

రెండో ప్రపంచ యుద్ధం: మొదటి దెబ్బ

యుద్ధం ప్రకటించిన మర్నాడే, అంటే 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటన్ చేసిన మొట్టమొదటి బాంబు దాడిలో 110వ స్క్వాడ్రన్ ముందు నిలిచింది. వాటిషామ్ నుంచి బయలుదేరిన ఐదు బ్లెన్‌హైమ్ విమానాలకు ఫ్లైట్ లెఫ్టినెంట్ కెన్నెత్ డోరాన్ నాయకుడు. రెండు ఇంజన్లు, ముగ్గురు సిబ్బంది గల తేలికరకం బాంబరు అది. మేఘాలు నీటిని ఆనుకుని వేలాడుతున్న వాతావరణంలో చాలా తక్కువ ఎత్తున విల్‌హెల్మ్‌షాఫెన్ దగ్గరి లంగరు స్థలం చేరి, 'అడ్మిరల్ షేర్' అనే పెద్ద యుద్ధనౌక మీద బాంబులు వేశారు. పదకొండు సెకన్ల ఆలస్యంతో పేలేలా అమర్చిన బాంబులు నౌక ఉక్కు పైకప్పుకు తగిలి పేలకుండానే ఎగిరి పడ్డాయి. 110వ దళం ఒక విమానాన్ని పోగొట్టుకుంది, వెంట వెళ్లిన 107వ దళం ఐదింట్లో నాలుగు పోగొట్టుకుంది. బ్రిటన్‌కు పతాక శీర్షికలు దక్కాయి, నౌకకు పెద్దగా ఏమీ కాలేదు. డోరాన్‌కు ఆ యుద్ధంలో మొదటి శౌర్య పతకాల్లో ఒకటి వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నార్వే మీద దాడికి వెళ్లి కూలిపోయి, మిగతా యుద్ధమంతా ఆయన ఖైదీ శిబిరంలో గడిపాడు. ఒక మనిషి జీవితంలోనే ఈ దళం అనుభవమంతా ఇమిడి ఉంది: ధైర్యానికి కొదవ లేదు, సాధనాలకు కొదవ, ఫలితానికి మించిన మూల్యం.

1940 వేసవిలో ఫ్రాన్స్‌లో దూసుకొస్తున్న జర్మన్ సేనల మీద, ఆ తర్వాత ఇంగ్లండ్ మీదికి సేనలను దాటించడానికి రేవుల్లో చేర్చిన పడవల మీద, 1941లో సముద్రంలో సరుకు ఓడల మీద బ్లెన్‌హైమ్ దళాలు దాడులు చేశాయి. 110వది 1941 జూలైలో మాల్టాకు కూడా వెళ్లింది. పగటి వెలుగులో తక్కువ ఎత్తున ఓడ మీదికి వెళ్లడం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. యుద్ధం మొత్తం మీద బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. ప్రతి వంద మందిలో నలభై నాలుగు మంది అన్నమాట. ఒక సేనా విభాగం ఈ పాళ్లలో మనుషులను పోగొట్టుకోవడం చాలా అరుదు.

నిజాం కానుకలు ఈ యుద్ధంలోనూ సాగాయి. 152వ (హైదరాబాద్) స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లతో, 253వ (హైదరాబాద్ స్టేట్) స్క్వాడ్రన్ హరికేన్లతో బ్రిటన్ ఆకాశ యుద్ధంలో పోరాడాయి. 152వ దళం ముద్ర మీద నిజాం శిరోభూషణం బొమ్మ, కింద 'విశ్వసనీయ మిత్రుడు' అన్న నినాదం ఉన్నాయి. 1918లో రాజుకు వచ్చిన బిరుదు ఇప్పుడు దళానికి నినాదమైంది. 110వ దళం ముద్ర మీద ఉన్న సగం పులి కూడా హైదరాబాద్ కానుకకే గుర్తు. ఆస్ట్రేలియా నౌకాదళంలో 'నిజాం' పేరుతో ఒక యుద్ధనౌకే తిరిగింది.

బర్మా రంగం

1942 మార్చిలో దళాన్ని భారతదేశానికి పంపారు. అప్పటికి సింగపూర్, రంగూన్ జపాన్ చేతిలో పడ్డాయి. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అప్పటిదాకా విమాన దాడి అంటే పత్రికలో చదివే సంగతి. ఆ రోజుతో అది తెలుగు నేల అనుభవమైంది, విశాఖ జనం ఇళ్లు వదిలి పల్లెలకు పోయారు. పేరుకు హైదరాబాద్ దళమైనా అప్పటిదాకా ఐరోపాలోనే తిరిగిన ఈ స్క్వాడ్రన్, కానుక ఇచ్చిన దేశపు రక్షణ కోసం నిజంగా పనిచేయడం ఇప్పుడే మొదలైంది. వల్టీ వెంజెన్స్ అనే అమెరికన్ డైవ్ బాంబర్లతో 1943లో అరకాన్ అడవుల మీద, ఆ తర్వాత మాస్కిటో విమానాలతో మధ్య బర్మా మీద దాడులు చేసింది.

ఈ కాలంలో జరిగిన ఒక ఘటన ప్రత్యేకంగా చెప్పుకోదగింది. 1945 మే 2న దళ నాయకుడు వింగ్ కమాండర్ సాండర్స్ రంగూన్ మీద మాస్కిటోలో ఎగురుతూ కిందికి చూశాడు. సముద్రం వైపు నుంచి బ్రిటిష్, భారతీయ సేనలు నగరం మీదికి వస్తున్నాయి, పెద్ద యుద్ధం తప్పదనుకుంటున్నారు. కానీ నగరంలో జపాన్ సైనికుల జాడ లేదు. జైలు పైకప్పు మీద యుద్ధ ఖైదీలు జపాన్‌వాళ్లు వెళ్లిపోయారని పెద్ద అక్షరాలతో రాశారు. ఆయన మింగలదాన్ విమానాశ్రయంలో దిగాడు. బాంబు గుంతలు పడ్డ రన్‌వే మీద విమానం దెబ్బతింది. నడిచి నగరంలోకి వెళ్లి జైల్లో ఖైదీలను కలిసి, ఒక చిన్న పడవ ఎక్కి నది దిగువకు పోయి, వస్తున్న సేనకు నగరం ఖాళీగా ఉందన్న కబురు తానే చెప్పాడు. బాంబులు వేయడానికి పుట్టిన దళం చరిత్రలో అందరికంటే ఎక్కువ మందికి మేలు చేసిన పని, ఇక బాంబులు వేయనక్కర్లేదని చెప్పడమే. ఆ తర్వాత మిగిలిన కొద్దిపాటి పోరులో, 1945 ఆగస్టు 20న సిత్తాంగ్ నదికి తూర్పున ఉన్న టికెడో దగ్గర ఈ దళం మాస్కిటోలు చేసిన దాడి ఆ యుద్ధంలో రాయల్ ఎయిర్‌ఫోర్స్ చివరి బాంబు దాడుల్లో లెక్కకు వస్తుంది. అలా మొదటి దెబ్బలోనూ చివరి దెబ్బలోనూ హైదరాబాద్ పేరు ఉంది.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం నిజాం సొంత ఆస్తి గురించి. ఆయన ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడు, తన సొమ్ము తాను ఇచ్చుకున్నాడు, రైతును ఇందులోకి ఎందుకు లాగుతారు అంటారు. నిజాం సొంత ఆదాయానికి ప్రధాన వనరు సర్ఫ్‌ఖాస్ భూములు. సర్ఫ్‌ఖాస్ అంటే ఖాళీ నేల కాదు, పల్లెలు. అక్కడా దున్నేవాడే శిస్తు కట్టేవాడు. దివానీ ఇలాకాలో శిస్తు ప్రభుత్వ ఖజానాకు, సర్ఫ్‌ఖాస్‌లో రాజు ఖజానాకు, జాగీరులో జాగీర్దారుకు పోయేది. పెట్టె మారినంత మాత్రాన పెట్టెలో పడ్డ రూపాయి పుట్టిన చోటు మారదు. పైగా కానుకకు దక్కిన బిరుదులూ గౌరవాలూ రాజ్యాధినేతగానే దక్కాయి. కీర్తి దగ్గరికి వచ్చేసరికి రాజ్యం, ఖర్చు దగ్గరికి వచ్చేసరికి వ్యక్తి అంటే లెక్క కుదరదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. ఎడపల్లి రైతు కట్టిన రూపాయే డీహెచ్9ఏ ఇంజనులోకి వెళ్లిందని చూపగలరా అని అడగవచ్చు. చూపలేం, చూపనక్కర్లేదు. ఖజానాలో కలిసిన నాణేనికి ఊరి ముద్ర ఉండదు. వాదన ఏ ఒక్క ఊరి గురించీ కాదు, ఆ రాజ్యంలో ఆదాయం పుట్టే తీరు గురించి. ఎడపల్లి పేరు ఇక్కడ వందల పల్లెలకు గుర్తుగా వస్తోంది. సేనాపతి పేరు చెప్పి సైన్యం గెలిచిందనడం చరిత్రలో మామూలే అయినప్పుడు, ఒక ఊరి పేరు చెప్పి రాజ్యపు రైతాంగాన్ని తలచుకోవడం అంతకంటే న్యాయం.

మూడోది నైతికమైన అభ్యంతరం. హిట్లర్‌నూ, జపాన్ సైనిక పాలననూ ఓడించిన యుద్ధం న్యాయమైనది, అందులో మన డబ్బు ఉండటం గర్వించదగ్గది కదా అంటారు. రెండో యుద్ధం విషయంలో ఈ మాటకు తల ఊపాల్సిందే. విశాఖ మీద బాంబు పడ్డాక ఆ పోరు మనకు పరాయిది కాదు. కానీ న్యాయమైన పనికి ఇచ్చినదాన్ని కూడా ఇచ్చినవాడి పేరుతోనే రాయాలి. ఆ యుద్ధకాలంలోనే హైదరాబాద్ రాజ్యంలో ధాన్యం లెవీ వచ్చింది. పండిన దాంట్లో నిర్ణయించిన వాటా సర్కారుకు, సర్కారు చెప్పిన ధరకు ఇవ్వాలి. పెద్ద భూస్వాములు తప్పించుకుంటే భారం చిన్న రైతు మీద పడింది. తెలంగాణ రైతాంగ పోరాటానికి ముందు పల్లెల్లో పేరుకున్న కోపంలో లెవీ ఒకటి. న్యాయమైన యుద్ధానికి అన్యాయమైన వసూలు జరగవచ్చు. ఒకటి రెండోదాన్ని మాయం చేయదు. మొదటి యుద్ధం విషయంలో అయితే గర్వించడానికి అంత ఆధారం కూడా లేదు. అది సామ్రాజ్యాల మధ్య జరిగిన పోరు, అందులో దక్కన్ రైతుకు తేల్చుకోవాల్సిన పంతం ఏదీ లేదు.

నాలుగో అభ్యంతరం దీనికి పూర్తిగా ఎదురు దిక్కు నుంచి వస్తుంది. నడిపినవాళ్లు బ్రిటిష్‌వాళ్లు, ఆజ్ఞలు లండన్‌వి, ఇది మన చరిత్రే కాదు, వదిలేయమంటారు. నిజమే, 1918లో యుద్ధంలో విమానం నడిపిన భారతీయులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. హర్‌దిత్ సింగ్ మాలిక్, ఇంద్రలాల్ రాయ్ లాంటి వాళ్లు పనిచేసింది వేరే స్క్వాడ్రన్లలో. కానీ చరిత్ర అంటే పైలట్ సీట్లో ఎవరు కూర్చున్నారన్నదే కాదు. పేరు మనది, డబ్బు మనది, ముద్ర మీది పులి మన రాజ్యానిది, చివరి మూడేళ్లు కాపాడిన సరిహద్దు మనది. ఇన్ని ఉండగా వదిలేస్తే మన పద్దును మనమే కొట్టేసినట్టు.

తుది విలువ

రెండో యుద్ధం తర్వాత 110వ దళం బాంబరు పని మానేసింది. రవాణా విమానాలు, ఆ తర్వాత మలయా అడవుల్లో హెలికాప్టర్లు నడిపింది. 1971లో దాన్ని శాశ్వతంగా రద్దు చేశారు. దళం లేదు, రాజ్యం లేదు, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మిగిలిందల్లా హెండన్‌లో ఒక విమానం, కొన్ని పుస్తకాల్లో కొన్ని పంక్తులు. ఆ దళంలో చనిపోయిన యువకుల పేర్లు వాళ్ల దేశంలో రాళ్ల మీద ఉన్నాయి, ఉండాలి కూడా. పదిన్నర టన్నుల బాంబుల కోసం నలభై ఐదు విమానాలు పోయిన రోజుల్లో, పారాచూట్ లేకుండా ఎగిరినవాళ్ల ధైర్యాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. నిజాం కానుక ఇచ్చాడన్నదీ చెరపలేని నిజమే. ఈ రెండు వాక్యాల పక్కన మూడో వాక్యం చేర్చాల్సిన బాధ్యత మాత్రం మనది, ఎందుకంటే మన తరఫున దాన్ని ఇంకెవరూ రాయరు. నిజామాబాద్ జిల్లా చరిత్ర రాసేవాళ్లు నిజాంసాగర్‌కూ చక్కెర ఫ్యాక్టరీకీ ఇచ్చిన అధ్యాయాల పక్కన ఈ దళానికీ ఒక పేజీ ఇవ్వాలి. ఆ పేజీలో ముందుగా రాయాల్సిన మాట ఇది: హైదరాబాద్ పేరుతో ఎగిరిన ఆ విమానాలకు ఖర్చు పెట్టింది హైదరాబాద్ రాజ్యపు రైతులు.